డ్రాప్‌డౌన్‌లో పేరు, డేటాబేస్‌లో కోడ్

డెస్క్‌టాప్ ప్రోగ్రాములో డ్రాప్‌డౌన్ జాబితా తెరిస్తే మనిషికి కనబడేది పేరు. ప్రోగ్రాము దాచుకోవలసింది మాత్రం ఆ పేరుకు కేటాయించిన కోడ్. జాబితాలోని ప్రతి అంశానికీ తెరమీద కనబడని విలువను జతచేసే పద్ధతి ఇందుకే పుట్టింది. క్లాసులో ప్రైమరీ కీ, ఫారిన్ కీ అని చదివిన పాఠం కొత్తగా ఉద్యోగంలో చేరినవారి చేతికి మొదట తగిలేది ఇక్కడే.

పలాస-కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారానికి రాసే బిల్లింగ్ ప్రోగ్రామే తీసుకుంటే, గ్రేడ్ జాబితాలో డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320, బద్ద, ముక్క ఉంటాయి. పౌనుకు 300 నుంచి 320 దాకా గుండు పప్పులు తూగే రకం డబ్ల్యూ 320. గ్రేడ్ పేరును గుమస్తా టైపు చేసేలా వదిలేస్తే ఒకరోజు అంకెకు ముందు ఖాళీ పడుతుంది, మరోరోజు పడదు. నెలాఖరు స్టాకు లెక్కలో ఒకే పప్పు రెండు రకాలుగా తేలుతుంది. జాబితాలోంచి ఎంచుకున్న పేరుకు బదులు దాని కోడ్ నమోదైతే ఈ తంటా ఉండదు.

కోడ్ దాచడానికి పేర్లు మారడం ఇంకా పెద్ద కారణం. సంతబొమ్మాళి మండలంలోని ఓడరేవు ప్రాజెక్టు ఏళ్లపాటు భావనపాడు పోర్టుగానే నలిగింది. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగేనాటికి మూలపేట పోర్టు అయింది. లారీల ట్రిప్పుల రిజిస్టరులో గమ్యాన్ని పేరుగా దాచినవారికి నివేదికలో రెండు పోర్టులు వస్తాయి. కోడ్‌గా దాచినవారు, కోడ్‌లూ పేర్లూ ఉండే మాస్టర్ టేబుల్‌లో ఒక్క వరుస మారిస్తే చాలు. అయితే ఎవరి కోడ్ వాడాలో ముందే తేల్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌కు 2011 జనగణనలో కోడ్ 28 అయితే, జీఎస్టీలో 37.

1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6లో ఈ పనికి ఐటెమ్‌డేటా అనే ప్రాపర్టీ ఉంది. దాంట్లో కోడ్ తప్పు స్థానంలో పడినా ప్రోగ్రాము ఆగదు, ఎర్రర్ చూపదు. అందుకే ఇది నిదానంగా చూడదగ్గది. పలాసకు 1, టెక్కలికి 2, కవిటికి 3 అని ఇదే వరుసలో చేరుస్తూ, జాబితాను ఇంగ్లిష్ అక్షరక్రమంలో అమర్చే సార్టెడ్ ప్రాపర్టీని ఆన్ చేశారనుకోవాలి. మూడోసారి చేర్చిన కవిటి జాబితా పైకెక్కి, పలాస, టెక్కలి ఒక్కో మెట్టు దిగుతాయి. ప్రోగ్రామరు తన లెక్కప్రకారం మూడో స్థానంలో 3 రాస్తే అది టెక్కలికి అంటుకుంటుంది. కవిటికి సున్నా మిగులుతుంది. చేర్చిన అంశం నిజంగా ఎక్కడ కూర్చుందో న్యూఇండెక్స్ చెబుతుంది, విలువను అక్కడే రాయాలి. ఐటెమ్‌డేటాలో పట్టే పెద్ద అంకె 2147483647. అందుచేత మన మొబైల్ నంబరు అందులో ఇమడదు. గుల్ల తీసిన జీడిపప్పు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ 080132ను అంకెగా దాస్తే ముందున్న సున్నా పోతుంది.

విజువల్ బేసిక్ 6 ఎడిటరుకు మైక్రోసాఫ్ట్ మద్దతు 2008 ఏప్రిల్ 8తో ముగిసింది. దాంతో రాసిన ప్రోగ్రాములు మాత్రం విండోస్‌లో ఇంకా నడుస్తున్నాయి. వాటిని డాట్‌నెట్‌లోకి మార్చే పని వచ్చినప్పుడు ఐటెమ్‌డేటా ఉన్న ప్రతిచోటా చెయ్యి పెట్టాల్సిందే, ఎందుకంటే అక్కడి కాంబోబాక్స్‌లో ఆ ప్రాపర్టీ లేదు. డిస్‌ప్లేమెంబర్‌కు పేరు కాలమ్‌ను, వాల్యూమెంబర్‌కు కోడ్ కాలమ్‌ను ఇచ్చి, ఆ తర్వాతే డేటాసోర్స్ కలపాలి. ఈ వరుస తప్పితే ఎంపిక మారినట్టు ఈవెంట్ మధ్యలోనే పేలి, కోడ్‌కు బదులు మొత్తం వరుస చేతికొస్తుంది.

మిగతాచోట్లా సూత్రం ఇదే. యాక్సెస్‌లో కోడ్ కాలమ్‌ను బౌండ్ కాలమ్‌గా పెట్టి దాని వెడల్పు సున్నా చేస్తారు. జావా స్వింగ్‌లో వస్తువునే చేర్చి, టూస్ట్రింగ్ పేరును ఇచ్చేలా రాస్తారు. క్యూటీలో పేరుతోపాటే యూజర్‌డేటా ఇవ్వవచ్చు. పైథాన్ టికింటర్ కాంబోబాక్స్‌లో అక్షరాలకే చోటు కాబట్టి కోడ్‌లను పక్కనే మరో జాబితాలో పెట్టుకోవాలి. ఏమీ ఎంచుకోనప్పుడు సూచిక సాధారణంగా -1 వస్తుంది. సేవ్ బటన్ నొక్కగానే ముందు చూడవలసింది దాన్నే. దాచిన విలువను రహస్యం అనుకోకూడదు. పాస్‌వర్డు, కొనుగోలు ధర వంటివి అక్కడ పెట్టరాదు.

ఫ్రెషర్లకు ఇంటర్వ్యూలో చూపించుకోవడానికి ఒక చిన్న ప్రాజెక్టు చాలు. పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ కోడ్ దొరుకుతుంది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి వంటి ఉద్దానం మండలాలను మొదటి జాబితాలో పెట్టి, మండలం ఎంచుకోగానే ఆ మండలం గ్రామాలే రెండో జాబితాలోకి వచ్చేలా రాయాలి. ఆ గ్రామాల పేరిట కొన్ని కొనుగోళ్లు నమోదు చేశాక మాస్టర్ టేబుల్‌లో ఒక గ్రామం పేరు స్పెల్లింగ్ మార్చి, పాత నమోదులన్నీ కొత్త స్పెల్లింగుతో ఒకే వరుసలో కూడుతున్నాయో లేదో నివేదిక తీసి చూసుకోవాలి.