కంచె లేని అడవిలో గుడారం

దక్షిణాఫ్రికా ఖండభాగంలోని బోట్స్‌వానా దేశంలో ఒకవాంగో నది సముద్రంలో కలవదు. కలహారి ఇసుకనేలలో పాయలుగా విడిపోయి, ఆవిరై, ఇంకిపోతుంది. ఎగువన అంగోలాలో కురిసిన వాన ఇక్కడికి రావడానికి నెలలు పడుతుంది. అందుకే వానలులేని జూన్-ఆగస్టు నెలల్లో వరద నిండుగా ఉంటుంది. జంతువులన్నీ నీటికి చేరతాయి.

ఇక్కడి మొరేమి అభయారణ్యంలో విద్యార్థి బృందాలు గుడారాలు వేసే చోట్లకు కంచె ఉండదు. మనం వెళ్ళినా రాత్రి గుడారం దాటకూడదు, తిండి బయట ఉంచకూడదు. మన తిండి మరిగిన జంతువు మనుషుల మీదికి వస్తుంది; చివరకు దాన్నే చంపుతారు.

1963లో ఈ అభయారణ్యాన్ని బటావానా ప్రజలే తమ నేలలో ఏర్పాటు చేసుకున్నారు. కానీ దానికోసం ఖ్వాయి వాసులు ఇళ్ళు వదిలారు. అడవి అందం చూసే మనం వారినీ గుర్తుంచుకోవాలి.