కువైట్ రూల్సు – మన అమ్మల దగ్గర నేర్చుకున్న పాఠం



వార్షికోత్సవ సంచికకు పనికొచ్చే వ్యాసం ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు మేము మొదట వ్యక్తిత్వ వికాసం గురించి రాద్దామనుకున్నాం. తర్వాత ఆలోచించాం. ఆ విషయం మీద పుస్తకాలు చాలానే ఉన్నాయి. మన ఇళ్ళలో జరుగుతున్న విషయం మీద మాత్రం మన సంచికలో ఒక్క పేజీ కూడా రాలేదు. అందుకే ఈ వ్యాసం.

మేము అంటే ఒక్కరం కాదు. మా బ్యాచ్‌లో తల్లో తండ్రో గల్ఫ్‌లో ఉన్నవాళ్ళం నలుగురం. ఆదివారం వస్తే అందరి అమ్మలూ క్యారేజీలు పట్టుకొని గేటు దగ్గర నిలబడేవారు. మా కోసం అమ్మమ్మలు వచ్చేవారు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, నరసాపురం, మొగల్తూరు, పాలకొల్లు వైపు నుంచి వచ్చిన పిల్లలకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. మాలో ఒకరి అమ్మ (ఈ వ్యాసం రాస్తున్నవారి అమ్మే) 2010 నుంచి 2018 వరకు కువైట్‌లో ఇంటిపని చేశారు. ఆమె చూసినవి, చెప్పినవి, మేము పీజీలో చేరాక చదివి తెలుసుకున్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాం.

1. ఆ దేశం ఎలా ఉంటుంది?

మన డెల్టాలో ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచి కాలవ లేని ఊరు మనకు అరుదు. కువైట్‌లో నది అనేదే లేదు. తాగేనీరు చాలావరకు సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసి తయారుచేస్తారు. 2016 జులైలో అక్కడి మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీల ఎండ నమోదైంది. ఏటా జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా ఆరుబయట పని చేయించకూడదని రూలు ఉంది. అయితే వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడే మనిషికి ఆ రూలు వర్తించదు.

అక్కడి డబ్బు దినారు. వెయ్యి ఫిల్సులు ఒక దినారు. చరిత్ర విద్యార్థులకు ఒక విశేషం: 1961లో దినారు రాకముందు కువైట్‌లో మన రూపాయి చలామణీ అయ్యేది.

2. రోజువారీ రూల్సు

అమ్మ మాటల్లోనే చెప్పాలంటే, "మన ఊళ్ళో రూలు అంటే ఎవరో ఒకరిని బతిమాలితే వంగుద్దిరా. అక్కడ వంగదు. దాటాక ఏడిచినా లాభం లేదు."

రంజాన్ నెలలో పగటిపూట బహిరంగంగా తినకూడదు, తాగకూడదు. ఇది 1968 నాటి చట్టం. ఏ మతం వారికైనా వర్తిస్తుంది. తప్పితే 100 దినార్ల వరకు జరిమానా గానీ, నెల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. మద్యం పూర్తిగా నిషేధం. ఇంటి నుంచి పంపే సామానులో కూడా జాగ్రత్త అవసరం. మనం కోడికూర మసాలాలో వేసే గసగసాలు ఎమిరేట్స్, సౌదీ వంటి దేశాల్లో మత్తుపదార్థాల కింద లెక్క. పచ్చడి సీసాతో పాటు మసాలా పొట్లం కట్టి పంపే అమ్మమ్మకు ఈ సంగతి మీరే చెప్పాలి. నొప్పి బిళ్ళలు, నిద్ర బిళ్ళలు కూడా డాక్టరు చీటీ లేకుండా పంపవద్దు.

అమ్మ మెచ్చుకున్నవీ ఉన్నాయి. ఆసుపత్రిలో వరుస అంటే వరుసే. కార్డు చూపిస్తే ఎవరి నంబరు వారికి వచ్చేది. ఇంకో మాట కూడా చెప్పారు. "అక్కడ పేరు అడుగుతారు, దేశం అడుగుతారు, అకామా అడుగుతారు. నీదే పేట అని ఎవరూ అడగలేదు. అడిగింది మన జిల్లా వాళ్ళేరా, శుక్రవారం రూములో కలిసినప్పుడు." ఈ మాట మీద మేము చాలా సేపు మాట్లాడుకున్నాం. కులం అడగని ఇంట్లో కూడా అమ్మ అందరూ తిన్నాకే తినేవారు, వంటగది పక్క గదిలోనే పడుకునేవారు. కాబట్టి అక్కడ అంతా సమానమని మేము అనడం లేదు. అక్కడి మెట్లు వేరు, ఇక్కడి మెట్లు వేరు, అంతే.

3. అకామా, కఫీల్ – అసలు చిక్కు ఇక్కడే

అకామా అంటే నివాస అనుమతి. దానికి పూచీ ఉండే యజమానిని కఫీల్ అంటారు. మనవాళ్ళు సేటు అంటారు. ఇంటిపని వారిది 20 నంబరు వీసా, కంపెనీల్లో పనిచేసేవారిది 18 నంబరు వీసా. ఏ కఫీల్ పేరు మీద వెళ్ళామో అక్కడే పని చేయాలి. ఇల్లు వదిలి బయటికి వస్తే ఆయన పరారీ కేసు పెట్టవచ్చు. అకామా పోతుంది. అలాంటి వారిని మనవాళ్ళు ఖల్లివల్లి అంటారు.

అమ్మకు జరిగింది ఇదే. మొదటి ఇంట్లో జీతం 40 దినార్లు అన్నారు. మూడు నెలలు ఇచ్చి తర్వాత ఆపేశారు. పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉంది. ఒక రాత్రి కట్టుబట్టలతో బయటికి వచ్చి, తెలిసినవాళ్ళ రూములో తలదాచుకొని, అకామా లేకుండానే ఇళ్ళల్లో పని చేశారు. ఇంటికి రావాలంటే జరిమానా. అప్పట్లో అది రోజుకు 2 దినార్లు, గరిష్ఠంగా 600 దినార్లు. పిల్లల ఫీజులకు పంపాలా, జరిమానాకు దాచాలా? అమ్మ పంపడానికే మొగ్గారు. 2018 జనవరి 29 నుంచి కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష అమలు చేసింది. ఏప్రిల్ 22 వరకు జరిమానా లేకుండా వెళ్ళనిచ్చారు. అలా వచ్చారు. ఆ రోజుల్లో మేము పదో తరగతి పరీక్షలు రాస్తున్నాం.

4. రూలు ఉంది, చదివి చెప్పినవారు లేరు

2015లో కువైట్ ఇంటిపని వారి కోసం 68వ నంబరు చట్టం చేసింది. అందులోని ముఖ్యమైన విషయాలు:

రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. పని ముగించి వెళ్ళేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. పనిమనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. 2016లో కనీస వేతనం 60 దినార్లుగా నిర్ణయించారు. 2021 జూన్‌లో మన దేశం, కువైట్ కలిసి ఇంటిపని వారి గురించి ఒక ఒప్పందం కూడా చేసుకున్నాయి.

మేము ఇవి చదివి వినిపిస్తే అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఈ చట్టం వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నానుగా" అన్నారు. అరబ్బీలో రాసిన కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు గానీ అందులో ఏముందో ఎవరూ చెప్పలేదు. చట్టం ఉండగానే సరిపోదు, అది మన చెవిన పడాలి.

5. మన దేశపు రూల్సు

1983 వలస చట్టం ప్రకారం పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు ఇ.సి.ఆర్. కింద వస్తుంది. అంటే 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. కువైట్, సౌదీ, ఖతార్, ఒమాన్, బహ్రెయిన్, ఎమిరేట్స్‌తో పాటు మలేషియా, థాయ్‌లాండ్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఈ అనుమతితో పాటు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. 2017 నుంచి రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షలు వస్తుంది.

ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు ఉన్న స్త్రీలు 30 ఏళ్ళు నిండితేనే వెళ్ళాలి. 2016 నుంచి వారిని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని నిబంధన వచ్చింది. మన రాష్ట్రంలో ఆ సంస్థ ఓంక్యాప్. ఏజెంట్లు దీన్ని తప్పించడానికి రెండు దారులు పడతారు. ఒకటి విజిట్ వీసా. దుబాయి అనో మస్కట్ అనో చెప్పి అక్కడి నుంచి వేరే దేశం పంపడం. రెండోది వయసు మార్చడం.

అమ్మ వెళ్ళేనాటికి ఆమె వయసు 27. ఏజెంటు పాస్‌పోర్టులో 31 రాయించాడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు అతని చేతిలో పెట్టాం. ఈరోజుకీ అమ్మ ఆధార్‌లో ఒక వయసు, పాస్‌పోర్టులో ఒక వయసు. ఏ కార్యాలయానికి వెళ్ళినా అదే ప్రశ్న. ఏజెంటుకు అది ఒక్క నిమిషం పని. మాకు ఇంకా తీరలేదు.

6. పదో తరగతి పాసైతే చాలా?

పదో తరగతి పాసైతే ఇ.సి.ఆర్. ముద్ర ఉండదు, ఈ అనుమతి అక్కర్లేదు. మన హాస్టల్‌లో టెన్త్ ఫెయిలై మానేద్దామనుకుంటున్న తమ్ముళ్ళు ఈ ఒక్క విషయమైనా గుర్తుంచుకోవాలి. ఆ మార్కుల మెమో ఉద్యోగానికే కాదు, పాస్‌పోర్టుకూ పనికొస్తుంది.

కానీ దానితో భద్రత వచ్చేసినట్టు కాదు. అనుమతి అక్కర్లేదంటే మన కాగితాలు చూసే అధికారి కూడా లేరని అర్థం. డిగ్రీ, బీటెక్ చదివినవారు కూడా మోసపోయారు. థాయ్‌లాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగం అని నమ్మి వెళ్ళి, సరిహద్దు దాటించి మయన్మార్‌లోని మోసాల శిబిరాల్లో బంధించబడినవారిలో తెలుగువారూ ఉన్నారు. 2025 మార్చిలో థాయ్‌లాండ్‌లోని మేసోట్ నుంచి 500 మందికి పైగా భారతీయులను వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు. చదువుతో పాటు, సంతకం పెట్టే ముందు కాగితం చదివే అలవాటు కావాలి.

7. వచ్చే ఆదివారం చేయవలసిన పని

మేము మిమ్మల్ని వెళ్ళమనీ అనడం లేదు, వద్దనీ అనడం లేదు. మేము చదువుకున్నది ఆ దినార్లతోనే. మా ఇంట్లో మొదటి డిగ్రీ ఆ డబ్బుతోనే వచ్చింది. వెళ్ళినవారిని చులకనగా మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. ఆ మాటలు మేము చిన్నప్పుడు ఊళ్ళో చాలా విన్నాం.

మీ ఇంట్లో ఎవరైనా అక్కడ ఉంటే ఫోనులో అడిగి ఒక నోటుబుక్కులో ఇవి రాసుకోండి: పాస్‌పోర్టు నంబరు, అకామా గడువు తేదీ, వీసా నంబరు 18 ఆ 20 ఆ, కఫీల్ పేరు, ఉంటున్న ప్రాంతం, ఒప్పందం ప్రకారం జీతం ఎంత. వీలైతే కాగితాల ఫోటో తెప్పించుకోండి. కష్టం వస్తే రాయబార కార్యాలయం మొదట అడిగేవి ఇవే. మా దగ్గర ఇవేవీ లేక మూడేళ్ళు ఎక్కడ ఫిర్యాదు చేయాలో తెలియలేదు. 2015లో కేంద్రం మదద్ అనే ఆన్‌లైన్ ఫిర్యాదు పద్ధతి పెట్టింది. ఫిర్యాదు నింపగలిగేంత చదువు మీకు ఇప్పటికే ఉంది.

వెళ్ళబోతున్నవారు ఉంటే ఒప్పందం కాగితం మీరే చదివి అర్థం చెప్పండి. అర్థం కాని చోట గీత గీసి మాస్టారును అడగండి. వయసు మార్చనివ్వకండి.

అమ్మ ఈ వ్యాసం విని ఒక్క దిద్దుబాటు చెప్పారు. "కష్టాలే రాశావేంట్రా? నెలకోసారి హాస్టల్‌కి ఫోన్ చేసినప్పుడు నువ్వు వచ్చిన మార్కులు చెప్పేవోడివి. అదీ రాయి." అందుకే రాస్తున్నాం. అక్కడ ఉన్నవారికి మీ మార్కులు చెప్పండి. వారు ఆ నెలంతా వాటిని తలచుకుంటారు.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

మీ పూర్వ విద్యార్థులం