గురివింద గింజను గుర్తుపట్టండి

మన సరూర్‌నగర్ పిల్లలు సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు కంచెల మీది గురివింద గింజలు ఏరి జేబుల్లో తెచ్చుకుంటారు. పూజ సామాను దుకాణాల్లోనూ ఇవి దొరుకుతాయి. తన నలుపు తానెరుగదని మనం సామెత చెప్పుకునే గింజ ఇదే. ఆ నల్లమచ్చే దీని గుర్తు.

తీగకు చింతాకువంటి ఆకులు, లేత ఊదా పూలు ఉంటాయి. గుత్తులుగా కాసిన కాయలు ఎండి పగిలితే ఎర్రని గింజలు కనబడతాయి. తెల్ల గురివింద కూడా విషమే. చెట్టుకు కాసే బండి గురివింద వేరు. అది పెద్దది, అంతా ఎరుపే, మచ్చ ఉండదు. దానినీ నోట పెట్టనివ్వకండి.

గురివిందలోని విషం పేరు ఏబ్రిన్. పెంకు గట్టిది కాబట్టి నమలకుండా మింగిన గింజ చాలాసార్లు అలాగే విరేచనంలో పోతుంది. నమిలితే ప్రమాదం. దండ గుచ్చడానికి బెజ్జం వేసిన గింజ మింగినా ప్రమాదమే. వాంతులు, రక్త విరేచనాలు కొన్ని గంటలకు, ఒక్కోసారి మరునాటికి గాని మొదలుకావు. బిడ్డ ఆడుకుంటున్నాడు కదా అని తల్లులు ఆలస్యం చేసేది ఇక్కడే! దీనికి విరుగుడు మందు లేదు. ఒంట్లో నీరు తగ్గిపోకుండా కాపాడటమే ముఖ్య వైద్యం.

ఉప్పునీళ్ళు తాగించి కక్కించకండి. మిగిలిన గింజలు కాగితంలో చుట్టుకుని, బిడ్డను వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఎన్ని తిన్నాడు, ఎప్పుడు తిన్నాడు, నమిలాడా అని మేము మొదట అడుగుతాము.