ఫోన్‌లో చూసిన పరిశోధన మన ఒంటికి సరిపోతుందా?

ఈమధ్య నాకొచ్చే ఉత్తరాల్లో జబ్బుల గురించి అడిగేవి తగ్గి, వాట్సాప్‌లో వచ్చిన వార్తల గురించి అడిగేవి పెరిగాయి. "కొత్త పరిశోధనలో తేలిందట, నిజమేనా డాక్టర్ గారూ?" అని. చాలావరకు నిజమే. కాకపోతే ఆ పరిశోధన ఎవరి మీద చేశారు, ఎంతమంది మీద, ఎన్నాళ్లు అన్నది మాత్రం వార్తలో ఉండదు. ఈసారి అలాంటి ప్రశ్నలే ఏరుకున్నాను.

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి చేతికి వాచీ కట్టి రోజూ పదివేల అడుగులు నడవమంటున్నాడు. ఆరువేలు దాటేసరికి మోకాళ్లు పట్టేస్తున్నాయి. లెక్క పూర్తిచేయడానికి రాత్రి పదింటికి హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. తప్పదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అక్కర్లేదమ్మా. పదివేలన్నది ఏ వైద్యుడూ లెక్కగట్టి చెప్పిన అంకె కాదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్ కంపెనీ ఒకటి అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని 'పదివేల అడుగుల మీటరు' అనే అర్థం వచ్చే పేరుతో అమ్మింది. వ్యాపారానికి పనికొచ్చే గుండ్రటి అంకె కదా, అలాగే నిలిచిపోయింది.

మీ ఈడువాళ్ల మీద చేసిన పరిశోధన ఒకటుంది. అమెరికాలో సగటు వయసు 72 ఏళ్లున్న 16,741 మంది స్త్రీలకు పరికరాలిచ్చి నడక కొలిచారు, ఆ ఫలితాలు 2019లో వచ్చాయి. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువ. ఏడువేల ఐదొందలు దాటాక ఇక లాభం పెరగలేదు. 2025లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో, ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. అదీ ఏడువేల దగ్గరే మంచి లాభం కనిపిస్తోందని చెప్పింది. ఇందులో ఒక మెలిక ఉంది. ఒంట్లో బాగున్నవాళ్లే ఎక్కువ నడుస్తారు. కాబట్టి ఆ శాతాల్లో కొంత నడక వల్ల వచ్చింది, కొంత ముందునుంచీ ఉన్న ఆరోగ్యం వల్ల వచ్చింది.

మీరు ఐదారువేలతో ఆపండి. అదీ ఒక్కసారి కాదు, పొద్దున కొంత, సాయంత్రం కొంత. మిగిలిన ఓపికను తొడ కండరాల మీద పెట్టండి. కుర్చీలో కూర్చుని ఒక కాలు ముందుకు చాచి, పది లెక్కపెట్టి, దించండి. కాలికి పదిసార్లు. మోకాలు వాచినా, వేడిగా అనిపించినా నడక ఆపి ఎముకల డాక్టరుకు చూపించండి. వాచీ మీ అబ్బాయికే ఇచ్చేయండి, అతనికే ఎక్కువ అవసరం ఉండొచ్చు.

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. మా అబ్బాయికి 22 ఏళ్లు, విశాఖలో చదువుతూ జిమ్‌కి వెళ్తున్నాడు. ట్రైనరు చెప్పాడని క్రియాటిన్, ప్రొటీన్ పొడి వాడుతున్నాడు. మొన్న రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.4 వచ్చింది. మా బావగారు డయాలసిస్ మీదుండి పోయారు. భయంతో నిద్ర పట్టడం లేదు. వాడేమో "క్రియాటిన్ సేఫ్ అని రీసెర్చ్ చెప్తోంది" అంటున్నాడు.
– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తల్లీ, మీ అబ్బాయి అన్నది తప్పు కాదు. మీ భయమూ తప్పు కాదు. రెండూ విడమరిచి చెబుతాను.

క్రియాటిన్ మందు కాదు, మన ఒంట్లోనే తయారవుతుంది. మాంసం, చేపల్లోనూ ఉంటుంది. దాదాపు అంతా కండరాల్లోనే నిల్వ ఉండి, బరువెత్తేటప్పుడు, పరుగందుకునేటప్పుడు కావాల్సిన శక్తిని క్షణాల్లో అందిస్తుంది. ఆటగాళ్లు వాడే పొడుల్లో పనిచేస్తుందని గట్టిగా రుజువైన కొద్దివాటిలో ఇదొకటి. క్రీడల్లో నిషేధమూ లేదు. రోజుకు 3 నుంచి 5 గ్రాములు చాలు. మొదట్లో కండరాల్లోకి నీరు చేరి కిలో, రెండు కిలోల బరువు పెరుగుతుంది. అది చూసి కండ పెరిగిందని కుర్రాళ్లు మురిసిపోతుంటారు. మాంసం తిననివాళ్లలో నిల్వలు తక్కువ కాబట్టి వాళ్లకు దీని ప్రభావం ఎక్కువగా కనిపిస్తుంది.

ఇక రిపోర్టు సంగతి. క్రియాటిన్ ఖర్చయ్యాక మిగిలే వ్యర్థమే క్రియాటినిన్. కిడ్నీలు దాన్ని మూత్రంలోకి తోసేస్తాయి. కిడ్నీలు దెబ్బతింటే అది రక్తంలో పేరుకుంటుంది, అందుకే ఆ పరీక్ష చేస్తాం. కానీ కండ ఎక్కువున్నా, పొడి వాడుతున్నా, ముందురోజు కడుపునిండా మటన్ తిన్నా, గట్టిగా కసరత్తు చేసి వచ్చినా కిడ్నీలు బాగుండగానే ఆ అంకె కాస్త పైకి పోవచ్చు. కాబట్టి ఒక్క 1.4 చూసి కిడ్నీ జబ్బు అని ముద్ర వేయకూడదు.

అలాగని వదిలేయనూ కూడదు. ఎందుకంటే మీది ఉద్దానం. షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్న ప్రాంతం. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అక్కడి జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, కాళ్లవాపులు ముందుగా రావు, చప్పుడు లేకుండా ముదురుతుంది. క్రియాటిన్ సురక్షితం అని చెప్పిన పరిశోధనలు ఆరోగ్యవంతుల మీద చేసినవి. ఉద్దానం కుర్రాళ్ల మీద, ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల మీద చేసినవి కావు. ఆ భరోసాను మీ అబ్బాయికి అరువు తెచ్చుకోలేం.

అందుకని ఇలా చేయండి. ముందు పొడులన్నీ ఆపించండి. మూడు నాలుగు వారాలయ్యాక, పరీక్షకు రెండు రోజుల ముందునుంచి జిమ్, మాంసం మాన్పించి, క్రియాటినిన్ మళ్లీ చేయించండి. దాంతోపాటు మూత్రంలో అల్బుమిన్, కిడ్నీల స్కానింగ్, వీలైతే సిస్టాటిన్-సి కూడా. ఈ చివరిది కండతో పెద్దగా సంబంధం లేకుండా కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష. అన్నీ బాగుంటే అప్పుడు మాట్లాడుకోవచ్చు. తేడా ఉంటే పలాసలోనో విశాఖలోనో కిడ్నీ నిపుణుడికి చూపించాలి. జిమ్ నొప్పులకని డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి బిళ్లలు మింగుతున్నాడేమో నిలదీసి అడగండి. ఎండలో చెమటోడ్చి, నీళ్లు తాగకుండా నొప్పి బిళ్లలు వేసుకోవడం క్రియాటిన్‌కంటే ఎన్నోరెట్లు ప్రమాదం.

ప్రొటీన్ పొడి గురించి ఒక్క మాట. 2024లో కేరళ వైద్యులు మన మార్కెట్‌లో దొరికే 36 రకాల ప్రొటీన్ పొడులను పరీక్షించి చూస్తే, దాదాపు 70 శాతం వాటిలో డబ్బా మీద రాసిన ప్రొటీన్‌కూ లోపలున్నదానికీ పొంతన కుదరలేదు. కొన్నింటిలో పురుగుమందు అవశేషాలు, బూజు విషాలు కూడా బయటపడ్డాయి. అదే ఏడాది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కూడా ఈ పొడుల జోలికి పోవద్దన్నాయి. రెండు గుడ్లు, గిన్నెడు పప్పు, పెరుగు, గుప్పెడు వేరుశనగలు, మీ తీరంలో దొరికే చేపలు. వాడి కండకు ఇవి చాలు.

ప్రశ్న: నాకు పదేళ్లుగా షుగరు. మాత్రలు వాడుతున్నాను. అన్నం వండి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తింటే షుగరు పెరగదని వీడియోలో చూశాను. చద్దన్నం కూడా అంతేనా? అయితే కడుపునిండా తినొచ్చా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: పెరగదని కాదండీ, కాస్త తక్కువ పెరుగుతుంది. ఉడికిన అన్నం చల్లబడ్డాక అందులోని పిండిపదార్థంలో కొంతభాగం మళ్లీ బిగుసుకుని అరగకుండా పెద్దపేగు దాకా పోతుంది. 2015లో ఇండోనేషియాలో దీన్ని కొలిచారు. అప్పుడే వండిన వంద గ్రాముల అన్నంలో ఇలా అరగని పిండి 0.64 గ్రాములుంటే, 24 గంటలు ఫ్రిజ్‌లో పెట్టి వేడిచేసినదాంట్లో 1.65 గ్రాములుంది. అంటే పెరిగింది ఒక్క గ్రాము. అదే వంద గ్రాముల అన్నంలో మొత్తం పిండిపదార్థం పాతిక గ్రాముల పైమాటే. మిగిలినదంతా షుగరుగా మారేదే. పైగా అన్నం తిన్నది 15 మంది, అందరూ షుగరు లేనివాళ్లు. కాబట్టి కడుపునిండా తినడానికి ఇది లైసెన్సు కాదు.

పోలండ్‌లో ఇంకో సంగతి బయటపడింది. టైప్-1 షుగరుండి ఇన్సులిన్ తీసుకునే 32 మందికి చల్లార్చి వేడిచేసిన అన్నం పెడితే తిన్నాక షుగరు తక్కువే పెరిగింది, కానీ మామూలు మోతాదు ఇన్సులిన్‌కు మరీ పడిపోయినవాళ్లు కూడా ఎక్కువయ్యారు. ఇన్సులిన్ వాడే పాఠకులు ఇది గుర్తుంచుకోవాలి.

చద్దన్నం మంచిదే, పెద్దవాళ్లు తిని బతికిందే. అయితే మే నెల ఎండల్లో వంటింటి గట్టు మీద రాత్రంతా వదిలేసిన అన్నం వేరు. బియ్యంలో ఉండే ఒకరకం బ్యాక్టీరియా వండినా చావదు, ఆ వేడికి పెరిగి విషం వదులుతుంది. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు, వాంతులు పట్టుకుంటాయి. అన్నం మిగిలితే గంట రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టండి.

దీనికంటే తేలికైన ఉపాయం చెబుతాను. కంచంలో అన్నం పెట్టుకోకముందే ఒక గిన్నెడు బీరకాయ కూరో, బెండకాయ వేపుడో, కీరా ముక్కలో తినేయండి. తర్వాత పప్పో గుడ్డో. అన్నం చివర్న. న్యూయార్క్‌లో ఇలా కూరగాయలు, మాంసం ముందు తినిపించి, బ్రెడ్డు తర్వాత ఇస్తే, గంట తర్వాత షుగరు దాదాపు 37 శాతం తక్కువుంది. అదీ 11 మంది మీద చేసిన చిన్న పరిశోధనే. కానీ ఇందులో పోయేదేమీ లేదు, కొనాల్సిందీ లేదు. మీ దగ్గర గ్లూకోమీటర్ ఉంటే మీరే చూసుకోండి. ఒకే కప్పుతో కొలిచిన అన్నం, ఒకే కూర. ఒకరోజు మామూలుగా, ఒకరోజు కూర ముందు తిని, తిన్న రెండు గంటలకు పరీక్షించండి. పదకొండు మంది అమెరికన్ల లెక్కకంటే మీ వేలి చుక్క చెప్పేదే మీకు పనికొస్తుంది.

ప్రశ్న: వచ్చే నెల పది కిలోమీటర్ల పరుగులో పాల్గొంటున్నాను. బీట్‌రూట్ రసం తాగితే వేగం పెరుగుతుందా?
– ఒక యువకుడు, హైదరాబాద్

జవాబు: కొద్దిగా, బాబూ. అందులోని నైట్రేట్‌ను నోట్లోని బ్యాక్టీరియా మారిస్తే, దాంతో రక్తనాళాలు విప్పారి తక్కువ ఆక్సిజన్‌తో కండరాలు పని నడుపుకుంటాయి. బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో 2009లో మొదలైన కథ ఇది. అప్పుడు పాల్గొన్నది ఎనిమిది మంది మగవాళ్లు. మామూలు రన్నర్లకు కొన్ని సెకన్లు కలిసిరావచ్చు, బాగా ఆరితేరినవాళ్లకు అదీ అనుమానమే. పరుగుకు రెండు మూడు గంటల ముందు తాగాలి, ఆరోజు మౌత్‌వాష్ వాడకూడదు. మూత్రం ఎర్రగా వస్తే కంగారుపడకండి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు మాత్రం దీని జోలికి పోవద్దు. పరుగు రోజున కొత్తగా ఏదీ మొదలుపెట్టకండి, ముందే ప్రాక్టీసులో తాగి చూడండి.

ప్రశ్న: మా వారికి 61 ఏళ్లు. బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నారు. ఆవకాయ లేనిదే ముద్ద దిగదు. తక్కువ సోడియం ఉప్పు వాడితే పక్షవాతం రాదని పేపర్లో చదివి రెండు ప్యాకెట్లు తెచ్చాను. మొదలుపెట్టనా?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: ప్యాకెట్ విప్పకముందు ఒక రక్తపరీక్ష చేయించండమ్మా.

ఈ పరిశోధన చిన్నదేమీ కాదు. చైనాలో 600 పల్లెల్లో, దాదాపు 21 వేలమంది మీద, ఐదేళ్లపాటు చేశారు. వాళ్లంతా ఇదివరకే పక్షవాతం వచ్చినవాళ్లు, లేదా బీపీ ఉన్న, అరవై ఏళ్లు నిండినవాళ్లు. సగం పల్లెలకు మామూలు ఉప్పు, సగం పల్లెలకు నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు. 2021లో ఫలితాలొచ్చాయి. ఏడాదికి వెయ్యిమందిలో 34 మందికి రావాల్సిన పక్షవాతం 29 మందికి వచ్చింది. అంటే రాదని కాదు, కొంత తగ్గుతుందని. ఉప్పు మార్చినంత మాత్రాన అంత తగ్గడం నా దృష్టిలో గొప్ప సంగతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2025 జనవరిలో ఇలాంటి ఉప్పును సిఫార్సు చేసింది.

అయితే తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లను ఆ పరిశోధనలో చేర్చుకోలేదు. కిడ్నీలు బలహీనంగా ఉంటే పొటాషియం రక్తంలో నిలిచిపోయి గుండె లయ తప్పుతుంది. మీవారు వాడే టెల్మిసార్టాన్ కూడా పొటాషియాన్ని కొంత పెంచేదే. రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ కూడా అంతే. క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించి మీ డాక్టరుకు చూపించండి. రెండూ బాగుండి ఆయన సరేనంటే వాడండి, నెల తర్వాత పొటాషియం మళ్లీ చూడండి. ఖరీదైన సైంధవ లవణం వాడితే ఈ లాభం రాదు, అదీ దాదాపు అంతా సోడియం క్లోరైడే. ఇక ఆవకాయ జాడీలో ఉన్నది పాత ఉప్పే కదా. దానికి పరిశోధన లేదు, చెంచా చిన్నది చేయడమే.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. కరీంనగర్‌లో ఉండే నాన్నకు పెద్దపేగు క్యాన్సర్ మూడో దశ. ఆపరేషన్, కీమో అయిపోయాయి. బంధువులు "కదలకు, విశ్రాంతి తీసుకో" అంటున్నారు. వ్యాయామం మందులాగా పనిచేస్తుందని ఇక్కడి వార్తల్లో చూశాను.
– ఒక కూతురు

జవాబు: బంధువులది ప్రేమే గానీ, ఈ విషయంలో వాళ్ల మాట వినకండి. 2025 జూన్‌లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధన సరిగ్గా మీ నాన్నగారి లాంటివాళ్ల మీదే. ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆరోగ్య పుస్తకాలిచ్చారు. రెండో గుంపుకు పుస్తకాలతో పాటు శిక్షకుల సాయంతో మూడేళ్లు వ్యాయామం చేయించారు. క్యాన్సర్ తిరగబెట్టకుండా ఐదేళ్లు దాటినవాళ్లు మొదటి గుంపులో 73.9 శాతం, రెండో గుంపులో 80.3 శాతం. ఎనిమిదేళ్లకు బతికున్నవాళ్లు 83.2, 90.3 శాతం. కొన్ని మందులకు కూడా ఇంత ఫలితం రాదు. వ్యాయామం కీమోకు బదులు కాదు, కీమో తర్వాతిది.

వాళ్లు చేసింది మారథాన్ ఏమీ కాదు. అంతకుముందు చేసేదానికి అదనంగా, వారానికి మూడు నాలుగుసార్లు, ముప్పావుగంట నుంచి గంట చురుగ్గా నడిచినంత. మొదటి ఆర్నెల్లూ రెండు వారాలకోసారి శిక్షకుడు పిలిచి దగ్గరుండి చూశాడు. ఆ పని మన దగ్గర ఇంట్లో ఒకరు తీసుకోవాలి. మీరైతే రోజూ నాన్నకు ఆయన నడిచే వేళకే ఫోన్ చేయండి. ముందు హిమోగ్లోబిన్ చూపించండి. ఆక్సాలిప్లాటిన్ వాడి ఉంటే అరికాళ్లు మొద్దుబారతాయి, రాయి గుచ్చుకున్నా తెలీదు. చెప్పులు వద్దు, సరైన బూట్లు కొనండి. పొట్టకు సంచి ఉంటే సర్జన్ను అడగకుండా బరువులు ఎత్తనివ్వకండి. పది నిమిషాలతో మొదలుపెట్టి వారంవారం పెంచండి.

ప్రశ్నలు పంపేవాళ్లకు ఒక మనవి. వయసు, బరువు, ఉన్న జబ్బులు, వాడే మందుల పేర్లు, రిపోర్టు తేదీ తప్పకుండా రాయండి. వీడియో లింకు మాత్రమే పంపితే జవాబు చెప్పడం నావల్ల కాదు.