నాలుగు వందల లీటర్ల ఇల్లు
(తెరచాప పడవలో ఒక కుటుంబ జీవనం)

నగరంలోని ఇంటిలో కుళాయి త్రిప్పగానే నీరు వస్తుంది. మీట నొక్కగానే దీపం వెలుగుతుంది. ఆ నీరు ఎక్కడి నుండి వచ్చినదో, ఆ విద్యుత్తు ఎంత ఖర్చయినదో నెలాఖరున బిల్లు చేతికి వచ్చేవరకు ఇంటిలో ఎవరికీ పట్టదు. అయితే నీటిని, నిప్పును, విద్యుత్తును, ఆహారాన్ని తమ వెంట మోసుకొంటూ నెలల తరబడి, కొన్ని సందర్భాలలో ఏళ్ల తరబడి సముద్రం మీదనే కాపురముండే కుటుంబాలు ప్రపంచంలో ఉన్నాయి. 35 నుండి 45 అడుగుల పొడవు గల తెరచాప పడవే వీరికి ఇల్లు, వాహనం, పిల్లలకు బడి. ఆ ఇంటిలో ప్రతి దినచర్య వెనుక ఒక శాస్త్ర సూత్రం దాగి ఉంటుంది. దానిని మరచినవారికి సముద్రం వెంటనే గుర్తుచేస్తుంది.

ఉదాహరణకు 40 అడుగుల పడవలో తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు ఉన్నారనుకుందాం. అట్లాంటిక్ మహాసముద్రంలో ఆఫ్రికా తీరానికి చేరువగా ఉన్న కానరీ దీవుల నుండి కరేబియన్ దీవులలోని బార్బడోస్‌కు వారి ప్రయాణం. దూరం సుమారు 2,700 నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లకు సమానం. గంటకు అయిదున్నర మైళ్ల సగటు వేగంతో, రాత్రింబగళ్లు ఆగకుండా సాగినా ఈ ప్రయాణానికి ఇంచుమించు 21 రోజులు పడుతుంది. ఈ మూడు వారాలలో దుకాణం లేదు, వైద్యుడు లేడు, నీటి కుళాయి లేదు.

నీటి పద్దు

పడవ తొట్టెలో 400 లీటర్ల మంచినీరు పడుతుంది. త్రాగటానికి, వంటకు, ముఖం కడుక్కోవటానికి కలిపి మనిషికి రోజుకు 4 లీటర్లు కేటాయిస్తే నలుగురికి 16 లీటర్లు. 21 రోజులకు 336 లీటర్లు. మిగిలేది 64 లీటర్లు, అనగా మరి నాలుగు రోజుల నీరు. గాలి మందగించి పడవ ఆలస్యమైతే ఆ నాలుగు రోజులే ఆ కుటుంబానికి ఆధారం. అమెరికాలో ఇంటి అవసరాలకు ఒక్కొక్కరు రోజుకు సుమారు 300 లీటర్ల నీరు వాడుతారని అంచనా. ఆ లెక్కన వాడితే ఈ తొట్టె ఎనిమిది గంటలలో ఖాళీ అవుతుంది.

చుట్టూ నీరే ఉన్నది గదా, అది ఎందుకు పనికిరాదు? లీటరు సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. మనిషి మూత్రపిండాలు అంత గాఢమైన ఉప్పునీటిని విసర్జించలేవు. లీటరు సముద్రజలం త్రాగినవాడు ఆ ఉప్పును వదిలించుకొనటానికి లీటరుకంటె ఎక్కువ నీటిని శరీరం నుండి కోల్పోతాడు. కాబట్టి సముద్రజలం దాహాన్ని తీర్చకపోగా పెంచుతుంది.

అయినా ఉప్పునీటిని ఇతర పనులకు వాడుకోవచ్చు. గిన్నెలు తోమటానికి, స్నానానికి సముద్రజలమే వాడి, చివరకు ఒక చెంబెడు మంచినీటితో కడుగుతారు. మామూలు సబ్బు ఈ నీటిలో నురగ రాదు. సముద్రజలంలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి విరిగిపోవటమే దీనికి కారణం. ద్రవరూపంలోని డిటర్జెంటుకు ఈ ఇబ్బంది తక్కువ. అన్నం వండేటప్పుడు ఎసటిలో నాలుగవ వంతు సముద్రజలం కలిపితే మంచినీరు మిగులుతుంది, వేరుగా ఉప్పు వేయనక్కరలేదు.

ఈ రోజులలో పలు పడవలలో మంచినీటి యంత్రం ఉంటున్నది. పలుచని పొరకు ఇరువైపులా మంచినీరు, ఉప్పునీరు ఉంటే మంచినీరు సహజంగా ఉప్పునీటి వైపునకు ప్రవహిస్తుంది. దీనినే ద్రవాభిసరణం అంటారు. సముద్రజలం విషయంలో ఈ ప్రవాహాన్ని ఆపటానికే వాతావరణ పీడనానికి సుమారు 27 రెట్ల పీడనం కావాలి. దానికి రెట్టింపు పీడనం ప్రయోగిస్తే ప్రవాహం వెనుకకు మరలి, ఉప్పు ఒకవైపు మిగిలిపోయి మంచినీరు రెండవవైపు చేరుతుంది. ఇందుకు పనికివచ్చే పొరను 1960 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి తయారుచేసినవారు భారతదేశంలో జన్మించిన శ్రీనివాస సౌరిరాజన్. అయితే యంత్రం చెడిపోవచ్చు. అందుచేత అనుభవజ్ఞులు యంత్రమున్నప్పటికీ తొట్టె నింపకుండా లంగరు ఎత్తరు.

వంటిల్లు, విద్యుత్తు

పడవ ఎటు ఒరిగినా పొయ్యి సమతలంగా ఉండేలా రెండు ఇరుసుల మీద ఊయలవలె వ్రేలాడుతుంది. మన ఇళ్లలోని ప్రెషర్ కుక్కరు ఇక్కడ అపురూపమైన పాత్ర. మూత బిగించి ఉండటం వలన ఉడికేది ఒలకదు, పప్పు త్వరగా ఉడుకుతుంది, గ్యాసు ఆదా అవుతుంది. గ్యాసు విషయంలో మాత్రం ఇంటికంటె ఎన్నోరెట్లు జాగ్రత్త అవసరం. వంట గ్యాసు గాలికంటె బరువైనది. ఇంటిలో కిటికీ తెరిస్తే, తలుపు తీస్తే అది కొంతవరకు బయటికి పోతుంది. పడవలో అది క్రిందికి జారి అడుగుభాగంలో నిలిచిపోతుంది. చిన్న నిప్పురవ్వ చాలు. అందువలన సిలిండరును పైభాగంలో, సముద్రంలోకి రంధ్రం గల ప్రత్యేకమైన అరలో ఉంచుతారు. వంట ముగియగానే సిలిండరు వద్దనే గ్యాసు కట్టివేయటం ఇంటిల్లిపాది నియమం.

ఉల్లి, బంగాళాదుంప, గుమ్మడి, క్యాబేజీ, నిమ్మకాయలు చల్లని పెట్టె లేకుండానే వారాల తరబడి నిలుస్తాయి. ఆకుకూరలు అయిపోయిన తరువాత పెసలు నానబెట్టి మొలకెత్తిస్తారు. ఎండిన గింజలో దాదాపు లేని విటమిన్ సి మొలకలో పుడుతుంది. ఈ విటమిన్ లోపించటం వలననే పూర్వం వేలాది నావికులు స్కర్వీ వ్యాధితో మరణించారు. నిమ్మ, నారింజ ఆ వ్యాధిని నయం చేస్తాయని జేమ్స్ లిండ్ అనే వైద్యుడు 1747లో ఓడ మీదనే ప్రయోగం చేసి చూపాడు.

విద్యుత్తుకు కూడా పద్దు ఉన్నది. 400 వాట్ల సౌరఫలకాలు ఉష్ణమండలంలో రోజుకు అయిదు గంటల నిండు ఎండకు సమానమైన వెలుగు పొందితే రెండు యూనిట్లు తయారవుతాయి. తెరచాప నీడ, ఇతర నష్టాలు పోగా ఒకటిన్నర యూనిట్లు మిగులుతాయనుకుందాం. చల్లని పెట్టె ఒక్కటే అందులో సగం వరకు తినివేస్తుంది. మిగిలినది దీపాలకు, రేడియోకు, చుక్కానిని నడిపే యంత్రానికి సరిపోవాలి. అమెరికాలోని సగటు ఇల్లు ఒక్కరోజులో వాడే విద్యుత్తు ఇంచుమించు 30 యూనిట్లు. అంటే ఆ ఇంటి ఒకరోజు ఖర్చుతో ఈ పడవ దాదాపు అట్లాంటిక్‌ను దాటగలదు.

గాలి వేసిన బాట

పడవను నడిపేది గాలి. ఆ గాలి ఎటు వీస్తుందో తెలియకుండా దారి నిర్ణయించలేరు. భూమధ్యరేఖ వద్ద వేడెక్కిన గాలి పైకి లేచి ధ్రువాల వైపు సాగి, సుమారు 30 డిగ్రీల అక్షాంశం వద్ద క్రిందికి దిగి, తిరిగి భూమధ్యరేఖ వైపునకు వస్తుంది. భూభ్రమణం వలన ఉత్తరార్ధగోళంలో ఈ గాలి కుడివైపునకు మళ్లి ఈశాన్యం నుండి వీస్తుంది. ఇవే వ్యాపార పవనాలు. భూభ్రమణానికి వీటితో గల సంబంధాన్ని 1735లో జార్జి హాడ్లీ వివరించాడు. అంతకుముందే, 1492లో, కొలంబస్ కానరీ దీవుల నుండి ఈ గాలితోనే పడమరకు సాగి అయిదు వారాలలో అవతలి దీవులను చేరాడు. నేటి కుటుంబాలదీ అదే బాట. అట్లాంటిక్ తుఫానుల కాలం జూన్ నుండి నవంబరు వరకు కాబట్టి నవంబరు చివరివరకు ఆగి బయలుదేరుతారు.

ఉత్తర, దక్షిణ వ్యాపార పవనాలు కలిసే చోట గాలి పైకి లేస్తుంది. ఆ మేఖలలో నిలకడగా గాలి ఉండదు, కుండపోత వర్షాలు మాత్రం ఉంటాయి. పసిఫిక్‌లో ఇది చాలావరకు భూమధ్యరేఖకు ఉత్తరాన ఉంటుంది. ఈ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. ఒక కుటుంబం దీని వలననే బ్రతికింది.

రాత్రి కాపలా, పగటి బడి

సముద్రం మధ్యలో లంగరు వేసి నిద్రించటం సాధ్యం కాదు. తల్లి, తండ్రి మూడేసి గంటలు వంతులవారీగా మేల్కొంటారు. పెద్ద ఓడ ముందు దీపం కనీసం ఆరు మైళ్ల దూరానికి కనబడాలని అంతర్జాతీయ నియమం. ఎదురుగా వచ్చే ఓడ వేగం గంటకు 18 మైళ్లు, పడవ వేగం 6 మైళ్లయితే రెండూ గంటకు 24 మైళ్ల వేగంతో దగ్గరవుతాయి. ఆరు మైళ్లు తరగటానికి పదిహేను నిమిషాలు చాలు. అందుచేత కాపలా ఉన్నవారు పది నిమిషాలకొకసారి చుట్టూ పరికించి చూస్తారు. రాడారు, ఓడల జాడ తెలిపే రేడియో పరికరాలు వచ్చినా ఈ నియమం మారలేదు. రాత్రివేళ పైకి వచ్చేవారు నడుముకు కట్టిన త్రాటిని పడవకు తగిలించుకోవాలి. పిల్లలకు పగటిపూట కూడా మినహాయింపు లేదు.

మొదటి రెండు మూడు రోజులు పాఠాలు సాగవు. లోపలిచెవి శరీరం కదులుతున్నదని చెబుతుంది, గదిలోని గోడలను చూసే కన్ను కదలటం లేదంటుంది. ఈ వైరుధ్యమే సముద్రపు వికారానికి మూలం. పైకి వచ్చి దిక్చక్రాన్ని చూస్తే కన్నూ చెవీ ఏకీభవించి ఉపశమనం కలుగుతుంది.

తరువాత ఆకాశమే నల్లబల్ల. ధ్రువనక్షత్రం దిక్చక్రానికి ఎన్ని డిగ్రీల ఎత్తున కనబడుతుందో, చూసేవారి అక్షాంశం ఇంచుమించు అంతే. కానరీ దీవుల వద్ద 28 డిగ్రీల ఎత్తున ఉన్న నక్షత్రం రోజురోజుకూ దిగివస్తూ బార్బడోస్ వద్ద 13 డిగ్రీలకు చేరుతుంది. విశాఖపట్నంలో అది సుమారు 18 డిగ్రీలు, చికాగోలో 42, లండన్‌లో 51 డిగ్రీలకు పైన. ఈ పిల్లలు తాము ఎంత దక్షిణానికి దిగినదీ నక్షత్రాన్ని చూసి చెప్పగలరు. పడమరకు పోయేకొలది మధ్యాహ్నం ఆలస్యమవుతుంది. 15 డిగ్రీల రేఖాంశానికి ఒక గంట చొప్పున, ఈ ప్రయాణంలో గడియారాన్ని దాదాపు మూడు గంటలు వెనుకకు త్రిప్పాలి. ఉపగ్రహ పరికరం క్షణంలో చెప్పే స్థానాన్ని తామే లెక్కకట్టి సరిచూసుకోవటం పిల్లలకు పాఠం, పరికరం చెడిన రోజున కుటుంబానికి రక్ష.

లూసెట్ కుటుంబం కథ

ఈ జ్ఞానం విలువ 1972లో ఒక కుటుంబానికి అనుభవంలోకి వచ్చింది. ఇంగ్లండులో వ్యవసాయం చేసుకొంటూ ఉండిన మాజీ నావికాధికారి డూగల్ రాబర్ట్‌సన్, పూర్వం నర్సుగా పనిచేసిన ఆయన భార్య లిన్, పిల్లలతో కలిసి 1971 జనవరిలో 'లూసెట్' అనే 43 అడుగుల కొయ్య పడవలో ప్రపంచయాత్రకు బయలుదేరారు. 1972 జూన్ 15న, పసిఫిక్‌లో గాలాపగోస్ దీవులకు పడమట సుమారు 200 మైళ్ల దూరంలో కిల్లర్ వేల్ జాతి తిమింగలాలు పడవను ఢీకొన్నాయి. కొద్ది నిమిషాలలో అది మునిగిపోయింది. దంపతులు, పెద్ద కుమారుడు, కవల పిల్లలు, మార్గమధ్యంలో చేరిన ఒక విద్యార్థి, మొత్తం ఆరుగురు గాలి నింపిన తెప్పలోను, ఒక చిన్న పడవలోను మిగిలారు.

దీవులు వెనుకనే ఉన్నాయి. కాని గాలి, ప్రవాహం రెండూ పడమరకే. ఎదురీదటం అసాధ్యమని డూగల్ గ్రహించాడు. త్రాగునీరు కొద్దిరోజులకు మించి లేదు. భూమికంటె ముందు వర్షం కావాలి. వర్షం ఎక్కడ పడుతుందో ఆయనకు తెలుసు. తెరచాప కట్టి ఉత్తరాన ఉన్న వర్షమేఖల వైపు సాగారు. కొన్నాళ్ల తరువాత తెప్ప పనికిరాకుండా పోగా ఆరుగురూ తొమ్మిది అడుగుల చిన్న పడవలో సర్దుకొన్నారు.

వానలు కురిసినప్పుడు నీరు పట్టుకొన్నారు. వాన లేనప్పుడు తాబేళ్లను పట్టి వాటి రక్తం త్రాగారు. సముద్రపు తాబేలు కంటివద్ద గల లవణ గ్రంథుల ద్వారా ఉప్పును కన్నీరుగా విసర్జిస్తుంది కాబట్టి దాని రక్తంలోని లవణం సముద్రజలంలో ఉన్నదానిలో మూడవ వంతు మాత్రమే. పడవ అడుగున చేరి, తాబేలు రక్తంతో కలిసి, నోటికి పనికిరాని వాననీటిని లిన్ ఎనిమా ద్వారా ఎక్కించింది. పెద్దప్రేగు నీటిని పీల్చుకొంటుందని నర్సుగా ఆమెకు తెలుసు. సముద్రజలాన్ని మాత్రం ఎవరినీ త్రాగనీయలేదు. 38వ రోజున, జూలై 23న, ఒక జపాను చేపల ఓడ వారిని చూసింది. ఆరుగురూ ప్రాణాలతో బయటపడ్డారు.

ఇంటి పద్దు

సముద్రం మీది కుటుంబం ప్రతి ఉదయం ఒక పుస్తకంలో నాలుగు అంకెలు వ్రాసుకొంటుంది: తొట్టెలో మిగిలిన నీరు, బ్యాటరీలో మిగిలిన విద్యుత్తు, నడిచిన దూరం, మిగిలిన దూరం. పిల్లలకు కూడా ఆ అంకెలు తెలుసు. అందుచేత నీరు వృథా చేయవద్దని వారికి ఎవరూ చెప్పనవసరం లేదు. ఒడ్డున ఉన్న ఇంటికి కూడా తొట్టె ఉన్నది. అది చెరువు రూపంలోనో, జలాశయం రూపంలోనో దూరంగా ఉండటం వలన దాని మట్టం కనబడదు, అంతే తేడా.

ఒక ఆదివారం ఉదయం, మరునాటి ఉదయం ఇంటి నీటి మీటరులోని అంకెలను పిల్లలచేత వ్రాయించి, తీసివేత చేయించి, ఇంటిలో ఎందరున్నారో అందరికీ పంచి చూడమనవచ్చు. ఆ రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే ఉత్తరదిక్కున చేయి చాచి పిడికిలి పట్టి, దిక్చక్రం నుండి ధ్రువనక్షత్రం వరకు ఎన్ని పిడికిళ్లో లెక్కించమనవచ్చు. చాచిన చేతి పిడికిలి ఇంచుమించు 10 డిగ్రీలు. విశాఖపట్నంలో ఉన్న తాతగారు, అమ్మమ్మగారు అదే నక్షత్రాన్ని చూస్తే రెండు పిడికిళ్లకు కొంచెం తక్కువ. ఇక్కడ ఎన్నో పిల్లలే చెప్పగలరు.