రెండవ మారు రక్తపరీక్ష ఎందుకు?

ప్రశ్న: ఛాతీనొప్పి వచ్చిన మా నాన్నగారికి ట్రోపోనిన్ పరీక్ష చేసి ఏమియు లేదనిరి, అయినను మూడు గంటలకు మరల రక్తము తీసిరి. మొదటి పరీక్ష నమ్మరాదా?
ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మొదటి పరీక్ష తప్పు కాదు, ఆ సమయమున రక్తములో నున్నదానినే అది చెప్పినది. ట్రోపోనిన్ హృదయకండరములోని మాంసకృత్తు; రక్తప్రసారము నిలిచి కండరకణములు చెడినప్పుడు అది మెల్లమెల్లగా రక్తములోనికి వచ్చును గనుక, తొలి గంటలలో దాని జాడ అత్యల్పము. నేటి సూక్ష్మపరీక్షలో, ఆ మాంసకృత్తును మాత్రమే గుర్తెరుగు ప్రతిరక్షకములు దానిని పట్టి నిలుపగా, వెలువడు సంకేతమును యంత్రము కొలిచి, లీటరుకు ఇన్ని నానోగ్రాములని, అనగా గ్రాములో నూరుకోట్లవ వంతులలో, లెక్క చెప్పును. ఇంతటి సూక్ష్మత యున్నను, వైద్యునకు ఒక్క అంకెకన్న రెండంకెల నడుమ మార్పే ముఖ్యము. ఏలయన మూత్రపిండవ్యాధి గలవారిలో గుండెపోటు లేకయే అది హెచ్చుగా నుండవచ్చును.

నొప్పి మొదలైన వేళను వ్రాసియుంచుడు. వేర్వేరు ల్యాబుల అంకెలను పోల్చకుడు. జుట్టు కొరకు బయోటిన్ మాత్రలు వాడుచున్నచో తప్పక తెలుపుడు; కొన్ని యంత్రములలో అవి అంకెను తగ్గించి చూపును.

ఛాతీలో బరువు, చేతికో దవడకో ప్రాకు నొప్పి, చెమట, ఆయాసము మరల కలిగినచో, పాత రిపోర్టును నమ్ముకొని ఇంట కూర్చుండక తక్షణమే 108కు ఫోను చేయుడు.