కనిపించని క్షితిజం

పాఠ్యభాగ ఉద్దేశం: ఇంద్రియజ్ఞానానికి గల పరిమితిని, విమానయానంలో పరికరాల ప్రాధాన్యాన్ని తెలియజేయడం.

మన తార్కికులు జ్ఞానసాధనాలలో ప్రత్యక్షానికి ప్రథమస్థానం ఇచ్చారు. అయితే మసకవెలుతురులో త్రాడు పామువలె తోచవచ్చునని హెచ్చరించినవారూ మన పెద్దలే. నేలమీద ఆ భ్రాంతి క్షణకాలపు భయంతో ముగుస్తుంది. ఆకాశంలో అది ప్రాణాంతకం కాగలదు.

చిన్న విమానాలు నడిపేవారిలో పలువురు బయటి దృశ్యాన్ని చూస్తూ నడపడం మాత్రమే నేర్చుకొంటారు. వారికి క్షితిజరేఖే ఆధారం. విమానం మబ్బులో ప్రవేశించగానే ఆ ఆధారం మాయమవుతుంది. అప్పుడు శరీరం లోపలి చెవిని నమ్ముకొంటుంది. అక్కడ ద్రవంతో నిండిన మూడు అర్ధవలయాకార నాళాలు ఉన్నాయి. తల తిరిగినప్పుడు నాళం వెంటనే కదులుతుంది, ద్రవం వెనుకబడుతుంది. ఆ తేడా వల్లనే మలుపు మనకు తెలుస్తుంది. కాని మలుపు ఒకే తీరుగా కొంతసేపు సాగితే ద్రవం కూడా నాళంతో సమానవేగాన్ని అందుకొంటుంది. విమానం తిరుగుతూనే ఉన్నా, పైలట్‌కు తిన్నగా పోతున్నట్లే తోస్తుంది. ఒరిగిన విమానం క్రమంగా ఎత్తు కోల్పోతుంది. అది గమనించిన పైలట్ ఒరుగును సరిచేయక, ముక్కును పైకెత్తబోతాడు. దానితో మలుపు మరింత బిగిసి, విమానం సుడి తిరుగుతూ నేలకు దిగుతుంది.

1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఈ విషయాన్ని పరీక్షించింది. పరికరాల ఆధారంగా నడపడం తెలియని 20 మందికి బయటి దృశ్యం కనబడకుండా చేసి, విమానం నడపమన్నారు. అందరూ అదుపు కోల్పోయారు. అందుకు పట్టిన సగటు కాలం 178 సెకన్లు, అనగా మూడు నిమిషాలైనా కాదు!

1999 జూలై 16 రాత్రి, మాజీ అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు జాన్ కెన్నెడీ జూనియర్ నడుపుతున్న చిన్న విమానం అట్లాంటిక్ సముద్రంలో కూలి ముగ్గురూ మరణించారు. మసకకమ్మిన ఆ రాత్రి ఆయన దిక్కు తెలియని భ్రాంతికి లోనై అదుపు కోల్పోయారని దర్యాప్తు తేల్చింది. యంత్రలోపం ఏదీ కనబడలేదు.

కాక్‌పిట్‌లో కృత్రిమ క్షితిజాన్ని చూపే పరికరం ఉంటుంది. శరీరం ఏమి చెప్పినా పైలట్ దానినే అనుసరించాలి. అయితే అది కూడా చెడిపోవచ్చు. కనుక వేగాన్ని, ఎత్తును, దిశను తెలిపే పరికరాలతో దానిని సరిపోల్చుకొంటూ ఉండాలి. అన్నిటికంటె మేలైనది, మబ్బు ఎదురుపడకముందే వెనుదిరగడం. గమ్యం చేరాలనే తొందర ఎందరినో ముందుకే నడిపించింది. వెనుదిరిగినవానిని లోకం పిరికివాడనవచ్చు. ఇంటివద్ద ఎదురుచూసేవారు అలా అనరు.

అర్థాలు
క్షితిజం = నేల, నింగి కలిసినట్లు కనిపించే చోటు
ప్రత్యక్షం = ఇంద్రియాల ద్వారా కలిగే జ్ఞానం
భ్రాంతి = లేనిదానిని ఉన్నట్లు తలచడం
కృత్రిమం = సహజం కానిది

ప్రశ్నలు
1. లోపలి చెవి పైలట్‌ను ఎట్లు మోసగిస్తుందో వివరించండి.
2. పరికరాలను ఒకదానితో ఒకటి సరిపోల్చుకోవలసిన అవసరమేమి?
3. ఇల్లినాయ్ ప్రయోగంలో వెల్లడైన సగటు కాలమెంత?